మీ ఇథియోపియా బ్యాచ్‌మేట్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి తల పైకెత్తితే ఆకాశం కంటే ముందు ఫ్లెక్సీలు కనిపిస్తాయి. జావా, పైథాన్, డేటా అనలిటిక్స్, గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై. వాటి మధ్యలో జెండాలు. అమెరికా, యూకే, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ, ఈమధ్య కొత్తగా ఐర్లాండ్. మొన్న మా చిన్నమ్మ కొడుకు వెంట అలాంటి ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. వాడిది సూర్యాపేట దగ్గర పల్లె. బీటెక్ అయిపోయి రెండేళ్లు దాటింది. చైతన్యపురిలో హాస్టల్, పొద్దున డేటా అనలిటిక్స్ క్లాసు, సాయంత్రం మాక్ ఇంటర్వ్యూలు, రాత్రి ఎంఎస్ కలలు. వాడి రూమ్‌లో నలుగురిదీ అదే టైమ్‌టేబుల్.

కౌన్సెలర్ ఒక ఫారం ఇచ్చి "ఏ కంట్రీ అనుకుంటున్నారో టిక్ పెట్టండి" అంది. పైనుంచి కింది దాకా చూసి మావాడు వెటకారంగా "ఇండ్ల ఆఫ్రికా లేదా మేడమ్?" అన్నాడు. ఆమె నవ్వింది. వాడూ నవ్వాడు. నేనూ నవ్వాను. బయటికొచ్చి చాయ్ తాగుతున్నప్పుడు మాత్రం నాకు ఆ నవ్వు కొంచెం అడ్డంపడింది. ఎందుకంటే వాడికి ఇథియోపియాలో బ్యాచ్‌మేట్లు ఉన్నారు. వాడికే కాదు, 2001, 2002లో తెలుగు నేల మీద పుట్టిన వాళ్లందరికీ ఉన్నారు. వాడికి ఆ సంగతి తెలీదు. మీకూ తెలియకపోవచ్చు. మనకెవరూ చెప్పలేదు కదా.

కథ ఏంటంటే, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి నడుస్తున్న పరిశోధన ఒకటుంది. పేరు యంగ్ లైవ్స్. పేదరికంలో పుట్టిన పిల్లలు ఎలా పెరుగుతారు, ఏం తింటారు, ఎంత చదువుతారు, ఎక్కడ ఆగిపోతారు అనేది ఒక్కసారి సర్వే చేసి వదిలేయకుండా, అవే పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి తెలుసుకోవడం దాని పని. నాలుగు దేశాల్ని ఎంచుకున్నారు: ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా. ఇండియా అంటే దేశం మొత్తం కాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రమే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, వాటితోపాటు హైదరాబాద్ నగరం.

మన దగ్గర 2,000 మంది పసిపిల్లల్ని తీసుకున్నారు, 2001-02లో పుట్టినవాళ్లని. వాళ్లతోపాటు 1994-95లో పుట్టిన మరో 1,000 మందిని. ఇథియోపియాలోనూ సరిగ్గా అంతే, 2,000 ప్లస్ 1,000. నాలుగు దేశాలూ కలిపితే 12,000 మంది దాకా. 2002లో మొదటిసారి ఇళ్లకు వెళ్లారు. తర్వాత 2006, 2009, 2013, 2016. కరోనా వచ్చి ఇళ్లకు వెళ్లడం కుదరకపోతే 2020లో ఫోన్లు చేశారు. ఆ పసిపిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. అంటే అచ్చంగా దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల వయసు. శ్రీకాకుళం నుంచో భీమవరం నుంచో రాత్రి బస్సెక్కి, తెల్లారి నిద్రకళ్లతో ఎల్బీ నగర్ చౌరస్తాలో బ్యాగుతో దిగే పిల్లల్లో వాళ్లలో ఒకరు ఉండరని ఎవరూ అనలేరు. ఉన్నా మనం గుర్తుపట్టలేం. పిల్లల పేర్లూ ఊళ్ల పేర్లూ దాచిపెట్టారు. పుస్తకాల్లో, రిపోర్టుల్లో కనిపించేవన్నీ మార్చిన పేర్లే.

ఇక్కడ ఒక చిన్న తమాషా. ఇథియోపియా క్యాలెండర్ మనం వాడే దానికంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది. మన 2002 వేసవిలో పుట్టిన పిల్ల వాళ్ల లెక్కలో 1994లో పుట్టినట్టు. మనది నైంటీస్ కిడ్సా, టూ కే కిడ్సా అని రీల్స్‌లో కొట్టుకునే వాళ్లకి ఈ దేశం మంచి తీర్పు ఇస్తుంది.

సర్వే అంటే ఏదో ఫారం నింపడం అనుకోకండి. ఇంటికి వచ్చి బరువు తూస్తారు, ఎత్తు కొలుస్తారు. నిన్న ఏం తిన్నావు, ఎన్ని గంటలు పొలంలో పనిచేశావు, ఎన్ని గంటలు చెల్లిని ఎత్తుకున్నావు, బడిలో సారు కొట్టాడా అని అడుగుతారు. చిన్నప్పుడు ఒక బొమ్మల పరీక్ష పెట్టేవాళ్లు. ఒక మాట చెప్పి నాలుగు బొమ్మలు చూపిస్తారు, సరైన బొమ్మ మీద పిల్ల వేలు పెట్టాలి. చూడ్డానికి సులువే. కానీ అదే పరీక్షని తెలుగులో, అమ్హారిక్‌లో, ఒరోమోలో, టిగ్రిన్యాలో పెట్టాలి. ఒక భాషలో పసివాడికి కూడా తెలిసిన మాట ఇంకో భాషలో పెద్దవాళ్ల మాట అయిపోతుంది. అందుకే ఒక భాష పిల్లల మార్కుల్ని ఇంకో భాష పిల్లల మార్కులతో నేరుగా పోల్చొద్దని ఆ పరిశోధకులే జాగ్రత్త చెప్పారు. మన దగ్గర ఇంగ్లిష్ మీడియంలో పడి మార్కులు తగ్గిన పిల్లాణ్ని "మొద్దు" అనే ముందు మనమూ ఆ జాగ్రత్త పడి ఉంటే ఎంత బాగుండేదో.

మరి ఈ కష్టమంతా పడి ఏం తేల్చారు? బోలెడు. నాకు ముఖ్యమనిపించినవి రెండు మూడు చెప్తా.

మొదటిది మన కథే. ఎనిమిదేళ్ల వయసులో ప్రైవేటు బడికి వెళ్తున్న పిల్లలు 2002లో 24 శాతం. ఏడేళ్ల తర్వాత, 2009లో, అదే వయసు పిల్లల్లో 44 శాతం. ఏడేళ్లలో దాదాపు రెట్టింపు! ఇవి డబ్బున్నవాళ్ల లెక్కలు కావు, పేదలు ఎక్కువగా ఉన్న ఊళ్లు చూసి ఎంచుకున్న కుటుంబాలవి. కూలి డబ్బుల్లోంచి ఫీజు కట్టారన్నమాట. ఇంకో సంగతి, ఇద్దరిలో ఒక్కరినే ప్రైవేటుకు పంపగలిగితే ఆ ఒక్కరు ఎక్కువగా కొడుకే. ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో కనిపించే కోచింగ్ సముద్రం మొదట ఒక పాయగా ఎక్కడ పుట్టిందో ఆ అంకెల్లో కనిపిస్తుంది.

రెండోది మధ్యాహ్న భోజనం. కరువు వచ్చిన ఏడాది ఊళ్లో చిన్నపిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది. అయితే బడిలో పప్పన్నం దొరికిన పిల్లలు ఆ దెబ్బ నుంచి చాలావరకు కోలుకున్నారని ఈ డేటాతోనే ఒక పరిశోధన చూపించింది. "గవర్నమెంట్ బడిల అన్నం కోసమే పోతరు" అని ఎవరైనా ఈసడిస్తే, అవును, అందుకే బతికి బట్టకట్టారు అని చెప్పొచ్చు.

మూడోది ఇథియోపియానీ మనల్నీ ఒకే బల్ల మీద కూర్చోబెడుతుంది. 2005లో ఇథియోపియా ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టింది. తిండికి కటకటలాడే కుటుంబాలకి చెరువు పనులు, కట్ట పనులు, రోడ్డు పనులు ఇచ్చి బదులుగా డబ్బో తిండిగింజలో ఇవ్వడం. ఎక్కడో విన్నట్టు ఉందా? తర్వాతి ఏడాది, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన ఉపాధి హామీ మొదలైంది. అనంతపురం ఈ సర్వే జిల్లాల్లో ఒకటి. పథకం రాకముందు ఆ పిల్లల పరిస్థితి ఏంటో కాగితం మీద ఉంది, వచ్చిన తర్వాతా ఉంది. అక్కడా అంతే. అమ్మానాన్నలకి పని దొరికితే పిల్లలు బడికి వెళ్తారా, లేక అమ్మ పనికి వెళ్లింది కాబట్టి ఇంటి చాకిరీ పెద్ద కూతురి మీద పడుతుందా? ఈ ప్రశ్నని రెండు దేశాల్లోనూ వెతికారు. ఉపాధి పని గురించి హైదరాబాద్ టీవీ డిబేట్లలో ఎన్ని గంటలు అరుచుకున్నామో లెక్కలేదు, ఇథియోపియా పేరు ఎవరైనా ఎత్తగా నేను వినలేదు.

ఇంకొకటి చేదుగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఈ నాలుగు దేశాల డేటా పెట్టుకుని, బడిలో ఒక ఏడాది గడిపితే పిల్లాడికి ఎంత లెక్కలు వస్తాయి అని ఒక ఆర్థికవేత్త లెక్కగట్టారు. వియత్నాం బడిలో ఒక ఏడాది ఇచ్చే చదువు మన బడిలో ఏడాది కంటే ఎక్కువ. పెరూ, ఇథియోపియా బళ్లూ వియత్నాం వెనకే. అయిదేళ్ల వయసులో మన పిల్లలకీ వాళ్లకీ ఉన్న తేడా చిన్నది, బడిలో చేరాక అది పెరుగుతూ పోయింది. అంటే లోపం పిల్లల్లో లేదు.

ఇంతకీ ఈ పని చేసిందెవరు? ఆక్స్‌ఫర్డ్ దొరలు సైకిలేసుకుని మహబూబ్‌నగర్ తండాల్లో తిరగలేదు. హైదరాబాద్‌లో ఉన్న సెస్, అంటే సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్, ఇంటింటి సర్వే బాధ్యత తీసుకుంది. పిల్లలతో కూర్చుని తీరిగ్గా మాట్లాడి వాళ్ల మనసు రాసుకునే పని తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం బృందానిది. అడిస్ అబాబాలో అలాగే అక్కడి పరిశోధన సంస్థ చూసుకుంది. ఇథియోపియాలో చాలాకాలం ఈ పనికి పెద్దగా ఉన్నాయన అలూలా పాంక్‌హర్స్ట్. ఆ ఇంటిపేరు ఎక్కడో తగిలినట్టుందా? ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం జైలుకెళ్లిన సిల్వియా పాంక్‌హర్స్ట్ మనవడు. ఆమె చివరి రోజుల్లో ఇథియోపియాలోనే స్థిరపడి 1960లో అక్కడే కన్నుమూసింది. కొడుకు రిచర్డ్ అడిస్ అబాబా విశ్వవిద్యాలయంలో ఇథియోపియా అధ్యయన సంస్థకి మొదటి డైరెక్టర్ అయ్యాడు. మూడు తరాలు.

సెస్ ఎక్కడుందో తెలుసా? ఎల్బీ నగర్‌లో రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో మారితే బేగంపేట. అక్కడ నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో. ఆ ఆవరణకి ఇలాంటి పని కొత్త కాదు. 1887లో పారిస్‌లో కూర్చుని ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకున్నారు. ఒక్కో అబ్జర్వేటరీ తన ముక్కలోని నక్షత్రాలన్నిటినీ ఫొటో తీసి లెక్కపెట్టాలి. ఆఫ్రికా నుంచి అల్జీర్స్, కేప్ ఆఫ్ గుడ్ హోప్ ఉన్నాయి. దక్షిణ అమెరికాలో శాంటియాగో చేతులెత్తేసిన ముక్కని తర్వాత హైదరాబాద్ తీసుకుంది. మనవాళ్లు ఏడు లక్షలకు పైగా నక్షత్రాల్ని లెక్కగట్టి పుస్తకాలు వేశారు. నూరేళ్ల తర్వాత అదే ఆవరణ నుంచి పిల్లల్ని లెక్కపెట్టే పని. అప్పుడు పెత్తనం పారిస్‌ది, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌ది.

నాకు గుచ్చుకునేది ఇక్కడే. డబ్బు బ్రిటన్ ప్రభుత్వానిది, పెత్తనం ఇంగ్లండ్ విశ్వవిద్యాలయానిది, తిరుగుడు మనదీ ఇథియోపియాదీ. ఒకే రకం కరువు, ఒకే రకం పథకం, ఒకే వయసు పిల్లలు ఉన్న రెండు నేలలు ఒకదాని సంగతి ఒకటి తెలుసుకోవాలంటే మధ్యలో లండన్ దగ్గర బస్సు మారాలి. న్యాయంగా మాట్లాడితే, ఆ డబ్బూ ఆ పట్టుదలా లేకపోతే ఇరవై ఏళ్లకు పైగా అవే పిల్లల ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లే ఉండరు. మన ప్రభుత్వాలు ఏ పథకాన్నయినా రెండు ఎన్నికల దాకా గుర్తుపెట్టుకుంటే గొప్ప. అది ఒప్పుకుంటా. ఒప్పుకుని కూడా అడుగుతా, హైదరాబాద్‌కీ అడిస్ అబాబాకీ మధ్య నేరు దారి లేదా?

ఉంది. ఉండేది. 2004లో రాష్ట్రపతిగా అబ్దుల్ కలాం దక్షిణాఫ్రికా వెళ్లి పాన్ ఆఫ్రికన్ పార్లమెంటులో మాట్లాడుతూ ఆఫ్రికా దేశాల్ని ఇండియా విశ్వవిద్యాలయాలతో, ఆసుపత్రులతో శాటిలైట్ ద్వారా కలుపుదామన్నారు. ముందుగా ఇథియోపియాలో ప్రయోగం చేశారు. 2007లో అడిస్ అబాబాలోని బ్లాక్ లయన్ ఆసుపత్రి డాక్టర్లు హైదరాబాద్ కేర్ ఆసుపత్రి డాక్టర్లతో తెర మీద కూర్చుని మాట్లాడారు. అడిస్ అబాబా, హరామయా విశ్వవిద్యాలయాల విద్యార్థులకి ఇగ్నో పాఠాలు వెళ్లాయి. కేర్ పెట్టిన సోమరాజు గారూ కలామ్ గారూ కలిసి తక్కువ ధరకి గుండె స్టెంట్ చేసిన సంగతి మీ నాన్నగారి తరానికి గుర్తుంటుంది. ఆ స్నేహం గల ఊరికి అడిస్ అబాబా నుంచి దారి పడటం నాకైతే సహజంగానే అనిపిస్తుంది. 2009లో ఆ ఏర్పాటు పెద్దదై ఆఫ్రికా ఖండమంతా పాకింది.

ఇంకో దారి ఎవరూ రిబ్బన్ కత్తిరించకుండా పడింది. ఇథియోపియా వరసగా కొత్త విశ్వవిద్యాలయాలు తెరిచినప్పుడు పాఠాలు చెప్పడానికి మనవాళ్లు చాలామంది వెళ్లారు. మీ ఊళ్లో కూడా "ఇథియోపియా సారు" ఒకరు ఉండే ఉంటారు, ఇక్కడ ప్రైవేటు కాలేజీలో జీతం సరిగ్గా రాక అక్కడికెళ్లి, ఇంజెరాని దోసె అనుకుని తిని, పిల్లల్ని చదివించుకున్న మనిషి. అటునుంచి ఇటు కూడా వచ్చారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి ఇథియోపియాకి తిరిగి వెళ్లి లెక్చరర్లయిన వాళ్లు ఎంతోమంది. మన ఉస్మానియాలో, తార్నాక ఇఫ్లూలో ఆఫ్రికా విద్యార్థులు ఏళ్లుగా చదువుతూనే ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తార్నాక ఎంత దూరం? ఆటోలో అరగంట. ఆ అరగంటలో మనలో ఎంతమంది వాళ్లతో ఒక చాయ్ తాగారు? "వాళ్లా..." అని ఫ్లాట్ అద్దెకివ్వడానికి వెనకాడిన ఓనర్లని మాత్రం నేను చూశాను.

ఇండియా నుంచి ఆఫ్రికాకి ఆలోచన వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. 2005 నుంచి మన దేశంలో అసర్ సర్వే జరుగుతోంది కదా, వాలంటీర్లు ఇంటికొచ్చి పిల్లాడితో చిన్న కథ చదివించి, తీసివేత చేయించి చూసేది. దాన్ని చూసి 2009లో కెన్యా, టాంజానియా, ఉగాండా వాళ్లు ఉవేజో అని మొదలుపెట్టారు. స్వాహిలీలో ఆ మాటకి అర్థం సామర్థ్యం. తరగతిని బట్టి కాకుండా పిల్లాడికి వచ్చినదాన్ని బట్టి గుంపులు కట్టి చదువు చెప్పే ప్రథమ్ పద్ధతిని జాంబియా ప్రభుత్వమే తన బళ్లలో పెట్టుకుంది. 2023లో ఐఐటీ మద్రాస్ ఏకంగా జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. దేశం బయట మొదటి ఐఐటీ ఆఫ్రికాలో! కన్సల్టెన్సీ ఫారంలో టిక్ పెట్టే గడి లేని ఖండంలో.

మళ్లీ మావాడి దగ్గరికి వస్తా. చాయ్ తాగుతూ క్లాసులో ఏం చేస్తున్నావురా అని అడిగా. "టైటానిక్ డేటాసెట్ అక్కా. ఎవలు బతికిండ్రు, ఎవలు మునిగిండ్రు అని ప్రిడిక్ట్ చేయాలె. దానికంటె ముందు ఐరిస్ పూలు" అన్నాడు. 1912లో మునిగిన ఓడ, 1936 నాటి పూల కొలతలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా ప్రతి ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతి బ్యాచ్ అదే ఓడని ముంచుతోంది. అదే ప్రాజెక్టు అందరి రెజ్యూమేల్లోనూ.

"మహబూబ్‌నగర్ పిల్లల డేటా ఉంది, చేస్తావా?" అన్నా. వాడు నమ్మలేదు. యంగ్ లైవ్స్ డేటా బ్రిటన్‌లోని యూకే డేటా సర్వీస్ అనే భాండాగారంలో ఉంది. రిజిస్టర్ చేసుకుని, పిల్లల్ని గుర్తుపట్టే ప్రయత్నం చేయనని ఒప్పుకుంటే ఉచితం. మన అమ్మలు ఇంటి ముందు కూర్చుని గంటలకొద్దీ చెప్పిన జవాబులు అవి. ప్రపంచంలో ఎక్కడెక్కడి పీహెచ్‌డీ విద్యార్థులో వాటిమీద థీసిస్‌లు రాసుకున్నారు. కరీంనగర్‌లో కూలి అంటే ఏంటో, "సర్వపిండి తిన్నా" అని పిల్ల చెబితే అది ఏ గడిలో పడుతుందో, "బడి మానేసింది" అనే మాట వెనక చెప్పకుండా వదిలేసింది ఏముంటుందో తెలిసినవాడు మా హాస్టల్ కుర్రాడు. ఆ పని చేయాల్సింది వాడే కదా అనిపించింది. ఉద్యోగం వస్తుందో రాదో నేను గ్యారంటీ ఇవ్వలేను. ఇంటర్వ్యూలో టైటానిక్ చెప్పే యాభై మందిలో వీడు ఇంకోటి చెప్తాడు, అంతే.

వారం తర్వాత ఫోన్ చేశాడు. ఎంఎస్ మానేశాడేమో అనుకోకండి, ఆ ఫారం నింపి ఇచ్చేశాడు, ఐర్లాండ్‌కి టిక్ పెట్టి. కానీ ఈ ఫైల్ కూడా తెరిచాడు. "అక్కా, పేర్లు లెవ్వు. ఉత్త నంబర్లే. ఐఎన్‌తోని మొదలైతే మనోళ్లు, ఈటీతోని మొదలైతే గా ఇథియోపియోళ్లు" అన్నాడు.

సరే, ఏం చూశావు అన్నా.

"ఎన్మిదేండ్లప్పుడు దినానికి ఎన్ని గంటలు పనిచేసిండ్రని ఒక కాలమ్ ఉంది. రెండు దేశాలూ పక్కపక్కకు పెట్టి చూస్తున్న." కాసేపు ఏం మాట్లాడలేదు. "గప్పుడు నేను బర్ల కాడికి పోతుంటి అక్కా, యాదికుందా?"